మెడూసాకు రంగు వేద్దామా? మేనకోడలు, క్యారమ్ కాయిన్లు, ఒక బుల్లి యుద్ధం

యాప్రాల్ నుంచి మళ్లీ వచ్చేశా. ఈ రోజు కోడింగ్ లేదు, రెజ్యూమె టిప్స్ లేవు. పోయిన వీడియోలో నా వెనక షెల్ఫ్ మీద ఒంటి కన్నుతో ఒక బొమ్మ ఉంది కదా, అదేంటి బ్రో అని చాలా మంది అడిగారు. అది సైక్లాప్స్. వాడొక్కడే కాదు, ఇదిగో టేబుల్ మీద మొత్తం పంతొమ్మిది మంది ఉన్నారు. ఒక్కొక్కరు నా బొటనవేలంత. వీటిని మినియేచర్లు అంటారు. వీటితో ఆడే ఆట పేరు వార్‌గేమ్. ఫోన్‌లో ఆడేది కాదు. టేబుల్ మీద స్కేల్ పెట్టి కొలిచి, డైస్ వేసి ఆడేది.

ఈ పంతొమ్మిదిలో చాలా వాటికి రంగులు వేసింది మా అక్క కూతురు. ఇంట్లో చిట్టి అంటాం. పదకొండేళ్లు. ముందే చెప్తున్నా, చిట్టి ముఖం గానీ గొంతు గానీ ఈ వీడియోలో రావు. అది అక్క పెట్టిన కండిషన్. ఈ కథంతా చెప్పడానికి పర్మిషన్ మాత్రం ఇద్దరి దగ్గరా తీసుకున్నా.

మా ఏరియా తెలియని వాళ్లకి ఒక మాట. యాప్రాల్ అంటే సికింద్రాబాద్ కంటోన్మెంట్ అంచు, సైనిక్‌పురి పక్కన. కంటోన్మెంట్ 1806లో మొదలైంది, మూడో నిజాం సికందర్ జా పేరు మీద ఊరికి సికింద్రాబాద్ అని పేరొచ్చింది. ఇక్కడ ఏ గల్లీలో చూసినా ఆర్మీలో ఉన్న వాళ్లో, రిటైరైన వాళ్లో ఉంటారు. పొద్దున పాలప్యాకెట్ కోసం వెళ్తే కూడా ఆకుపచ్చ ట్రక్కుకి సైడ్ ఇవ్వాల్సి వస్తుంది. మా బావ కూడా ఆర్మీలోనే. పోయిన ఏప్రిల్‌లో ఆయనకి ఫీల్డ్ పోస్టింగ్ వచ్చింది. ఫ్యామిలీని తీసుకెళ్లడానికి లేదు. అందుకని అక్క, చిట్టి మా ఇంటికి వచ్చేశారు. బావ ఎక్కడున్నాడో ఆయన చెప్పడు, మేం అడగం.

తర్వాత మే వచ్చింది. 2025 మే 7 గుర్తుంది కదా మీకు. పొద్దున లేచేసరికి ఆపరేషన్ సిందూర్ వార్త. సాయంత్రం 4 గంటలకు హైదరాబాద్‌లో మాక్ డ్రిల్ సైరన్లు. పదో తారీఖు దాకా మా ఇంట్లో టీవీ ఆగలేదు. చిట్టి ఏడవలేదు. అదే కొంచెం భయం వేసింది నాకు. రిమోట్ తీసుకుని సౌండ్ మ్యూట్ చేసి, బొమ్మ మాత్రం చూస్తూ కూర్చునేది. ఎవరైనా మాట్లాడిస్తే "ఆ" అనేది, అంతే. పదో తారీఖు తర్వాత టీవీ చల్లబడింది గానీ పిల్ల మాత్రం అలాగే ఉంది.

ఇప్పుడు నా బొమ్మల సంగతి. జాబ్‌లో ఉన్నప్పుడు ఆరు నెలలు ఆన్‌సైట్ మీద ఇంగ్లండ్ వెళ్లా. ఒక వీకెండ్ నాటింగ్‌హామ్ వెళ్తే అక్కడ తెలిసింది ఇదో పెద్ద ప్రపంచమని. వార్‌హామర్ చేసే గేమ్స్ వర్క్‌షాప్ కంపెనీ హెడ్డాఫీసు ఆ ఊళ్లోనే. తెల్ల గడ్డం తాతలు, కాలేజీ పిల్లలు ఒకే టేబుల్ దగ్గర నిలబడి బుల్లి సైనికులను జరుపుకుంటున్నారు. నాకు పిచ్చెక్కింది. ఒక డబ్బా కొన్నా, ఇంటికి తెచ్చా, అటక మీద పడేశా. మన హాబీలన్నీ అంతే కదా.

చిట్టి ఆ రోజుల్లో పెర్సీ జాక్సన్ పుస్తకాలు చదువుతోంది. రిక్ రియోర్డన్ రాసినవి, గ్రీకు దేవుళ్ల పిల్లలు ఇప్పటి అమెరికాలో స్కూలుకి వెళ్తుంటారు, ఆ సిరీస్. మినోటార్ అంటే ఏంటి, మెడూసా అంటే ఎవరు, నాకంటే దానికే బాగా తెలుసు. సరే, గ్రీకు బొమ్మలు చేయించి రంగులేయిద్దాం, తర్వాత ఆడదాం అనుకున్నా. నాకు తెలిసిన ఒకతనికి రెసిన్ త్రీడీ ప్రింటర్ ఉంది. ఫైళ్లు కొని పంపిస్తే ప్రింట్ చేసి ఇచ్చాడు. బయట నుంచి తెప్పిస్తే కస్టమ్స్ డ్యూటీతో కలిపి బొమ్మ కంటే ట్యాక్స్ ఎక్కువైనట్టు అనిపిస్తుంది, అందుకే ఈ దారి.

అక్కకి చెప్పా. అక్క అప్పుడు పచ్చిమిరపకాయల తొడిమలు తీస్తోంది. తల కూడా ఎత్తలేదు.

"వాళ్ల డాడీ ఆడ ఉంటే, నువ్వు ఇంట్ల యుద్ధం ఆట పెడ్తవారా?"

నా దగ్గర జవాబు లేదు. నిజంగా లేదు. ఆ రాత్రి ఆ డబ్బా మళ్లీ అటక ఎక్కించేశా.

మా అమ్మ ఇదంతా వింది. ఏమీ అనలేదు. మర్నాడు మధ్యాహ్నం వరండాలో చాక్‌పీస్‌తో నేల మీద పెద్ద త్రికోణం గీసి, అడ్డ గీతలు పెట్టి, మూడు చింతగింజలు, పదిహేను గులకరాళ్లు తెచ్చి చిట్టిని కూర్చోబెట్టింది. పులి-మేక. మీ ఇంట్లో కూడా అమ్మమ్మలకి వచ్చే ఉంటుంది, అడిగి చూడండి. మూడు పులులు, పదిహేను మేకలు. పులి మేక మీదుగా దూకి తినేస్తుంది. మేక తినలేదు, దూకలేదు, దాని పనల్లా పక్క మేకని వదలకుండా నిలబడి పులికి దారి లేకుండా చేయడమే. పులులు ఎటూ కదల్లేకపోతే మేకలు గెలిచినట్టు.

చిట్టి మేకలు తీసుకుంది, మూడుసార్లు ఓడిపోయింది. నాలుగోసారి అమ్మ పులులను మూలకు నెట్టింది. అప్పుడు మా అమ్మ అక్క వైపు చూసి అన్న మాట: "ఇది గూడ యుద్ధమేనే. నువ్వు ఆడలేదా చిన్నప్పుడు?"

అక్క నవ్వలేదు గానీ, రెండు రోజుల తర్వాత "రంగులు ఎక్కడ దొరుకుతయ్ రా?" అని అడిగింది.

ఇక్కడ ఒక చిన్న డీటూర్. నిజానికి వార్‌గేమ్ పుట్టింది పిల్లల కోసం కాదు. 1812లో ప్రష్యాలో, అంటే ఇప్పటి జర్మనీ వైపు, రైస్‌విట్జ్ అనే ఆయన తన దేశపు రాజుకి ఒక యుద్ధం టేబుల్ చేసిచ్చాడు. ఆయన కొడుకు ఆర్మీ ఆఫీసర్. దాన్ని మార్చి 1824లో రూల్స్ పుస్తకం వేశాడు. క్రీగ్‌ష్‌పీల్ అని పేరు. జర్మన్‌లో యుద్ధం ఆట అనే అర్థం. మ్యాపు, నీలం ముక్కలు, ఎర్ర ముక్కలు, డైస్. మధ్యలో ఒక అంపైర్. నాకు నచ్చింది ఆ అంపైర్ కాన్సెప్ట్. ఇద్దరూ ఆర్డర్లు రాసి ఆయనకి ఇవ్వాలి. ఎవరికి ఎంత కనపడుతుందో అంతే ఆయన చెప్తాడు. అవతలి వాడు గుట్ట వెనక ఏం చేస్తున్నాడో నీకు తెలియదు. ఆఫీసర్లకి ట్రైనింగ్ ఇలా ఇచ్చేవాళ్లు. మన పులి-మేకలో బోర్డంతా ఇద్దరికీ కనపడుతుంది. అదే తేడా.

సరే, పనిలోకి వద్దాం. రంగుల పార్ట్.

ముందు ప్రైమర్. ప్లాస్టిక్ మీదో రెసిన్ మీదో డైరెక్ట్‌గా రంగు వేస్తే నిలవదు, గోరు తగిలితే ఊడిపోతుంది. అందుకని ఒక బేస్ కోట్ కొడతాం. కొండపల్లి బొమ్మలు తెలుసు కదా? తెల్లపొణికి కర్ర చెక్కి, చింతగింజల పిండి, రంపపు పొట్టు కలిపిన మక్కుతో చేతులు కాళ్లు అతికించి, తర్వాత సున్నం పూత వేస్తారు. ఆ తర్వాతే రంగు. ఆ సున్నం పూత చేసే పనే మన ప్రైమర్ చేస్తుంది. నేను హార్డ్‌వేర్ షాపులో స్ప్రే డబ్బా కొని, జూలైలో, వాన వెలిసిన పది నిమిషాలకి టెర్రస్ మీద కొట్టేశా. గాలిలో తేమ. రెండు అస్థిపంజరాలు, ఒక హార్పీ మొత్తం ఇసుక చల్లినట్టు గరుకుగా అయిపోయాయి. చిట్టి చూసి "మామా, వీళ్లకి చెమటకాయలు లేచినయ్" అంది. కాబట్టి మీరు ఎండ ఉన్న రోజు కొట్టండి. డబ్బా బాగా ఊపండి. ఒక జానెడు దూరం నుంచి, ఆపకుండా చెయ్యి కదుపుతూ కొట్టండి. మాస్క్ పెట్టుకోండి. స్ప్రే పని పిల్లలకి ఇవ్వొద్దు.

రంగులకి స్పెషల్ పెయింట్స్ అవసరం లేదు మొదట్లో. స్టేషనరీ షాపులో దొరికే క్యామెల్ ఆక్రిలిక్ ట్యూబులు చాలు. కానీ ట్యూబులోంచి తీసి అలాగే పూస్తే అయిపోయింది, బొమ్మకి ముక్కు కళ్లు మాయం. చిట్టి మొదటి సైనికుడికి అదే జరిగింది. నీళ్లు కలిపి పల్చగా, మజ్జిగలా చేసుకోవాలి. ఒక పూత ఆరాక ఇంకో పూత. మన ఎండాకాలంలో రంగు ప్లేట్‌లోనే ఎండిపోతుంది, దానికి ఒక ట్రిక్. మూత ఉన్న టిఫిన్ బాక్సు తీసుకోండి, అడుగున తడిపిన టిష్యూ పరవండి, దాని మీద బేకింగ్ వాళ్లు వాడే బటర్ పేపర్ వేసి, రంగు ఆ పేపర్ మీద పెట్టుకోండి. మూత పెడితే మర్నాటికీ రంగు తడిగానే ఉంటుంది. మా అక్క స్టీలు బాక్సు ఒకటి అలా పోయింది. ఇంకా తిరిగి ఇవ్వలేదు.

తర్వాత వాష్. ముదురు గోధుమ రంగుని బాగా నీళ్లగా చేసి మొత్తం బొమ్మ మీద పారిస్తే, గుంటల్లోకి, మడతల్లోకి దిగి నీడలా కనపడుతుంది. మ్యాజిక్ అంటే ఇదే. అప్పటిదాకా చాక్లెట్ రేపర్‌లా ఉన్న బొమ్మకి ఒక్కసారిగా కండలు వస్తాయి. దాని మీద డ్రై బ్రష్. బ్రష్‌కి రంగు అద్ది, గుడ్డకి దాదాపు అంతా తుడిచేసి, మిగిలిన పొడి రంగుతో పైపైన రుద్దాలి. ఎత్తుగా ఉన్న చోట మాత్రమే అంటుతుంది. అస్థిపంజరాలు చేయడానికి ఈ రెండే చాలు, పావుగంటలో ఒకటి అయిపోతుంది. పిల్లలతో మొదలుపెట్టేటప్పుడు అస్థిపంజరాలతోనే మొదలుపెట్టండి, నా మాట వినండి. నేను సైనికులతో మొదలుపెట్టి తప్పు చేశా. చిట్టికి మొదటి సైనికుడికి రెండున్నర గంటలు పట్టింది. ఇంకో విషయం, చాలా మంది పెయింటర్లు బ్రష్ మొన సరిచేయడానికి నోట్లో పెట్టుకుంటారు. చిట్టి నన్ను చూసి అదే చేసింది. మా అమ్మ చేతిలో నాకు పడ్డాయి.

బేసుల సంగతి. ప్రతి బొమ్మ కింద గుండ్రంగా ఒక బిళ్ల ఉండాలి, లేకపోతే నిలబడదు. ఏం వాడాలా అని వెతుకుతుంటే బావ పాత క్యారమ్ బోర్డు కనపడింది. బోర్డు వానకి ఉబ్బిపోయి ఎప్పుడో పోయింది, కాయిన్లు మాత్రం డబ్బాలో భద్రంగా ఉన్నాయి. తొమ్మిది తెల్లవి, తొమ్మిది నల్లవి, ఒక ఎర్రది. కొలిస్తే మూడు సెంటీమీటర్ల పైన. పర్ఫెక్ట్ సైజ్! గ్రీకు వాళ్లకి తెల్లవి: ఎనిమిది మంది హాప్లైట్లు, ఒక పెర్సియస్. రాక్షసులకి నల్లవి: నాలుగు అస్థిపంజరాలు, రెండు హార్పీలు, ఒక మినోటార్, ఒక సెంటార్, ఒక సైక్లాప్స్. క్వీన్ మెడూసాకి. ఫెవిక్విక్‌తో అంటించి, చుట్టూ ఫెవికాల్ పూసి, పక్క సైట్‌లో కట్టుబడి జరుగుతుంటే గుప్పెడు ఇసుక తెచ్చి టీ వడకట్టే జల్లెడలో జల్లించి చల్లాం. యాప్రాల్‌లో ఇసుకకి కొరత లేదు, ఏ వైపు చూసినా అపార్ట్‌మెంట్ లేస్తూనే ఉంటుంది.

అంటించే ముందు చిట్టి ఒక మాట అంది. డాడీని అడగాలి, అవి డాడీవి. మెసేజ్ పెట్టింది. రెండు రోజులు సింగిల్ టిక్. మేం ఆ రెండు రోజులు ఏ బొమ్మా అంటించలేదు. మూడో రోజు రాత్రి రిప్లై వచ్చింది: "క్వీన్ కూడానా? సరే, తీసుకో."

మన మహాభారతం బొమ్మలు ఎందుకు చేయలేదు అని మీలో కొందరు అనుకుంటారు, నాకు తెలుసు. నేనూ అనుకున్నా. కానీ మా ఇంట్లో కృష్ణుడి బొమ్మని డైస్ వేసి పడుకోబెడితే అమ్మ ఊరుకుంటుందా? గ్రీకు దేవుళ్లకి మా ఇంట్లో ఎవరూ దీపం పెట్టరు, అందుకే వాళ్లు ఫ్రీగా ఓడిపోవచ్చు. అదీ కాకుండా పోలికలు వెతుక్కుంటే అదో సరదా. అకిలీస్‌కి మడమ దగ్గరే ప్రాణం, దుర్యోధనుడికి తొడల దగ్గర. చిట్టి అడిగింది, వాళ్ల అమ్మలిద్దరూ కొంచెం జాగ్రత్తగా ఉంటే సరిపోయేది కదా మామా అని.

మెడూసా దగ్గర మాత్రం ఆగిపోయింది. పాత గ్రీకు కవి హీసియడ్ ప్రకారం గోర్గాన్లు ముగ్గురు అక్కచెల్లెళ్లు. మిగతా ఇద్దరికీ చావు లేదు, మెడూసాకి మాత్రమే ఉంది. పెర్సియస్ వెళ్లి తల నరికింది ఆమెదే. చిట్టి ప్రశ్న: "ఆమె ఏం చేసింది?" రోమన్ కవి ఓవిడ్ చెప్పిన కథలో ఆమెకి జరిగిన అన్యాయం ఉంది. పదకొండేళ్ల పిల్లకి అది ఎలా చెప్పాలో నాకు రాలేదు. "ఆమె మొదట మామూలు అమ్మాయే, వేరే వాళ్లు చేసిన తప్పుకి ఆమెకి శాపం పడింది" అని చెప్పా. చిట్టి కాసేపు ఆలోచించి, ఆకుపచ్చ రంగు మూత పెట్టేసి, మామూలు చామనఛాయ కలిపింది. చూడండి, పాములు మాత్రమే ఆకుపచ్చ. ముఖం మనలాగే ఉంది.

గ్రీకు శిల్పాలంటే తెల్లటి పాలరాయే కదా, మనం రంగులేస్తే తప్పు కాదా అని కూడా అడిగింది. తప్పు కాదు. అవి మొదట రంగులతోనే ఉండేవి, వందల ఏళ్ల మట్టికి, గాలికి పోయాయి. జర్మనీలో విన్‌జెన్జ్ బ్రింక్‌మన్ అనే పురావస్తు నిపుణుడు మిగిలిన రంగు ఆనవాళ్లు చూసి, ఆ రంగులు వేసిన కాపీలు తయారు చేయించాడు. 2003లో మ్యూనిక్‌లో ఎగ్జిబిషన్ పెట్టారు. వాటి ఫోటోలు చూపిస్తే చిట్టి "మన గుడి గోపురం మీద బొమ్మల్లాగే ఉన్నయ్" అంది. అవును మరి.

ఇక డాళ్లు. హాప్లైట్ అంటే పెద్ద గుండ్రటి డాలు, పొడుగు ఈటె పట్టుకున్న గ్రీకు కాల్బలం సైనికుడు. డాలు దాదాపు తొంభై సెంటీమీటర్ల వెడల్పు. ఎడమ చేతికి ఉంటుంది కాబట్టి సగం వాడిని కాపాడుతుంది, సగం ఎడమ పక్కన నిలబడ్డ వాడిని. అంటే నా కుడి వైపు నీ డాలు కాపాడాలి. అందుకే గ్రీకు సైన్యాలు నడుస్తుంటే తెలియకుండానే కుడి వైపుకి జరిగిపోతాయని థుసిడిడీస్ రాశాడు, ప్రతి ఒక్కడూ పక్కవాడి డాలు చాటుకి ఒదుగుతాడట. ఇది చెప్పగానే చిట్టి "మేకలు!" అంది. పులి-మేక నుంచి నేరుగా వచ్చేసింది.

ప్రతి డాలు మీద ఒక గుర్తు వేసింది. ఒకటి ఆటో. ఒకటి తంగేడు పువ్వు. ఒకటి నెమలీక. ఒకటి మామిడికాయ. ఒకటి చార్మినార్, అంటే నాలుగు గీతలు. ఒకటి పిల్లి. ఒకటి నా కోసం 404. ఎనిమిదోది ఖాళీ. ప్రైమర్ తెలుపే, అంతే. ఇదెవరిది అని అడిగితే "ఇంకా అనుకోలే" అంది. నేను వదిలేశా.

రూల్స్ ఒక పేజీ. ఒకరి టర్న్ తర్వాత ఒకరిది. కాలినడక ఆరు అంగుళాలు, రెక్కలున్న వాళ్లు పది. కొట్టడానికి ఒక డైస్, పక్కన తగులుతూ ఉన్న ప్రతి స్నేహితుడికి ఇంకో డైస్. 4, 5, 6 పడితే దెబ్బ తగిలినట్టు. మామూలు వాళ్లు ఒక దెబ్బకి పడతారు, మినోటార్, సైక్లాప్స్ మూడు దెబ్బలకి. మెడూసాకి ఆరు అంగుళాల లోపల ఉంటే టర్న్ మొదట్లో డైస్ వేయాలి, 1 గానీ 2 గానీ పడితే ఆ టర్న్ రాయి అయిపోతారు. పెర్సియస్‌కి డాలే అద్దం కాబట్టి వాడికి ఆ బాధ లేదు. మూడు డైస్ వేస్తే ఒక్కటైనా 4 గానీ ఆపైన గానీ పడే ఛాన్స్ ఎనిమిదింట్లో ఏడు. ఈ లెక్క చిట్టి పేపర్ మీద తనే వేసింది. వేసి, ఆ ఎనిమిదో వంతులోనే పడి, మినోటార్ చేతిలో 404 గాడిని పోగొట్టుకుంది. ప్రాబబిలిటీ చాప్టర్ దానికి ఇక ఎవరూ చెప్పక్కర్లేదు.

అసలు కథ అక్కడ మొదలైంది. వార్‌గేమ్‌లో పడ్డ బొమ్మని తీసి పక్కన పెట్టేస్తారు, అన్ని రూల్స్‌లోనూ దాదాపు అంతే. నేను 404 గాడిని తీయబోయా. చిట్టి నా చెయ్యి పట్టుకుంది.

"ఎందుకు తీస్తున్నవ్?"

"చచ్చిపోయాడు కదరా."

"నీకెట్ల తెల్సు? పడ్డడు, అంతే. నేను వాడికి రెండు గంటలు రంగేసిన."

ఆట ఆగిపోయింది. అక్క వంటింటి గుమ్మం దగ్గర నిలబడి ఉంది. నాకు ఒక్క క్షణం అర్థమైంది, అక్క ఆ రోజు అడిగింది దీని గురించే అని. మూసేద్దాం, సారీ చెప్దాం అనుకున్నా. ఈలోపు చిట్టి పెన్ను తీసుకుని మన రూల్స్ పేజీ కింద రాయడం మొదలుపెట్టింది. పడ్డవాడు పడ్డ చోటే ఉంటాడు. స్నేహితుడు ఒకడు వాడి దగ్గరికి వెళ్లి, ఆ టర్న్ ఎవరినీ కొట్టకుండా ఉంటే, వాడిని లాక్కుని వెనక్కి రావొచ్చు. టేబుల్ అంచు దాకా తెస్తే డైస్, 3 గానీ ఆపైన గానీ పడితే బతికినట్టు. ఆట అయ్యాక బతికిన వాళ్లను కూడా లెక్కపెట్టాలి.

"రాక్షసులకి కూడానా?" అని అడిగా.

"రాక్షసులకి కూడ."

ఒక్క రూల్‌తో ఆట మొత్తం మారిపోయింది. నేను రాక్షసుల వైపు. అప్పటిదాకా దూకుడుగా వచ్చిన చిట్టి, ఇద్దరిని పంపి 404ని లాగించింది, వాళ్లు లేని చోట వరసలో సందు పడింది, అందులోంచి నా సెంటార్ దూరాడు. నాకు గెలుపు ఈజీ అయింది. మధ్యలో నేనూ ఒక హార్పీని వెనక్కి మోసుకొచ్చా, ఎందుకో తెలియదు. దాని చెమటకాయలు దాచడానికి నేను గంటసేపు రుద్దిన హార్పీ అది. చివరికి టేబుల్ మధ్యలో నా మినోటార్ నిలబడి ఉన్నాడు, అంచు దగ్గర దాని వాళ్లు అయిదుగురు బతికి కూర్చున్నారు. ఎవరు గెలిచారో ఇప్పటికీ తేలలేదు. ఆ వాదన భోజనాల దగ్గర కూడా నడిచింది.

నేను గమనించిన ఇంకో సంగతి. ఖాళీ డాలు సైనికుడు మొదటి టర్న్ నుంచి చివరి టర్న్ దాకా ఒక్క అంగుళం కదల్లేదు. అందరూ ముందుకు వెళ్లినా, లాగడానికి మనుషులు తక్కువైనా, వాడు టేబుల్ అంచునే. నేను అడగలేదు.

ఆ వారం బావ వీడియో కాల్ వచ్చింది. చిట్టి ఫోన్ పట్టుకుని టేబుల్ మొత్తం చూపించింది. బావ ఆసక్తిగా చూశాడు. వాళ్లు కూడా పనికి ముందు నేల మీద ఇసుకతో శాండ్ మోడల్ చేసుకుని, గుట్టలు, దారులు పెట్టి మాట్లాడుకుంటారట. చిట్టి దానికి చాలా గర్వపడింది, డాడీ కూడా ఇసుకతో ఆడతాడని. తర్వాత బావ అడిగాడు.

"ఆ తెల్ల డాలోడు వెనక ఎందుకున్నడు బేటా? సపోర్ట్‌కి పంపొచ్చు కదా."

"వాడు లీవ్‌ల ఉన్నడు డాడీ."

ఫోన్‌లో నెట్‌వర్క్ పోయిందా, బావే ఏం మాట్లాడలేదా నాకు తెలియదు. కొన్ని సెకన్ల తర్వాత "సరే, మంచిది, ఉండనీ" అన్నాడు.

అక్క ఆ రాత్రి నాతో యుద్ధం ఆట గురించి ఏమీ అనలేదు. అంట్లు తోమడం అయ్యాక టేబుల్ దగ్గరకి వచ్చి, కింద పడి ఉన్న సైక్లాప్స్‌ని లేపి నిలబెట్టి వెళ్లింది.

హెచ్.జి.వెల్స్ పేరు విన్నారా? టైమ్ మెషిన్ రాసిన ఆయన. ఆయనకి బొమ్మ సైనికుల పిచ్చి ఉండేది. 1913లో 'లిటిల్ వార్స్' అని రూల్స్ పుస్తకమే రాశాడు. స్ప్రింగ్ ఫిరంగితో బొమ్మలను పడగొట్టే ఆట. ఇవాళ ఇళ్లలో ఆడే వార్‌గేమ్‌లకి దాన్నే తొలి మెట్టుగా చెప్తారు. పుస్తకం పేరు కింద అట్ట మీదే ఇది అబ్బాయిల కోసం అని, తెలివైన అమ్మాయిలు కూడా ఆడొచ్చు అని అర్థం వచ్చేలా రాశాడు. చిట్టికి చెప్తే "తెలివి లేని అబ్బాయిలు ఆడొచ్చా అయితే?" అంది. పుస్తకం చివర్లో వెల్స్ ఏమంటాడంటే, ఈ బుల్లి యుద్ధం మూడు నాలుగుసార్లు ఆడితే చాలు, అసలు యుద్ధం ఎంత తెలివితక్కువ పనో తెలిసిపోతుందని. మరుసటి ఏడాది, 1914లో, మొదటి ప్రపంచ యుద్ధం వచ్చింది. కాబట్టి ఆట ఆడితే ప్రపంచం మారుతుందని నేను చెప్పను. నా వరకు, కొనుక్కొచ్చిన బొమ్మ పడితే నాకు ఏమీ అనిపించలేదు ఎప్పుడూ. రెండు గంటలు కూర్చుని కనుబొమ్మలు గీసిన బొమ్మ పడితే అనిపిస్తోంది. అందుకే ఎవరైనా పిల్లలతో ఈ ఆట మొదలుపెడదాం అనుకుంటే, రెడీమేడ్ రంగుల బొమ్మలు కొనకండి అని అంటా. రంగులు మీరే వేయండి. చెత్తగా వచ్చినా పర్లేదు.

ఒకటి రెండు జాగ్రత్తలు. రెసిన్ ప్రింట్ తెచ్చుకుంటే బాగా కడిగి, యూవీ లైట్ కింద పూర్తిగా గట్టిపడినవే తీసుకోండి. జిగురుగా ఉన్నది చేత్తో ముట్టుకోవద్దు, పిల్లల దగ్గరికి అసలు రానివ్వొద్దు. గీకే పని, బ్లేడు పని పెద్దవాళ్లదే. బొమ్మలే దొరకలేదా? క్యారమ్ కాయిన్ల మీద అట్టముక్క బొమ్మలు గీసి నిలబెట్టినా ఆట ఆటే. అదీ కాకపోతే చాక్‌పీస్, చింతగింజలు, పదిహేను రాళ్లు. మా అమ్మ దగ్గరికి రండి, మూడు ఆటల్లో మిమ్మల్ని ఓడిస్తుంది.

బావకి దసరా తర్వాత లీవ్ దొరకొచ్చు అంటున్నారు. కన్ఫర్మ్ కాదు, ఆ మాట చిట్టికి ఇంకా చెప్పలేదు కూడా, ఈ వీడియో చూసేలోపు తెలిసిపోతుందిలెండి. బావ వస్తే ఆయన రాక్షసుల వైపు ఆడాలని చిట్టి ఎప్పుడో డిసైడ్ చేసేసింది. నేను అంపైర్. ఆ ఆట మాత్రం షూట్ చేయను, అడగొద్దు. ఖాళీ డాలు ఇదిగో, ఇప్పటికీ ఖాళీనే. పక్కన సున్నా నంబర్ బ్రష్ కడిగి పెట్టింది. డాడీ వచ్చాక డాడీనే వేస్తాడట.

సరే అండి, వచ్చే వీడియోలో మళ్లీ కోడింగ్. అంతవరకు బై.